రెండోసారి చదువుకునే హక్కు

మైనారిటీల విద్య అనగానే ప్రభుత్వానికైనా, మన సంఘాలకైనా ముందుగా గుర్తుకు వచ్చేది పద్దెనిమిదేళ్ల విద్యార్థి. ఇంటర్ ముగించి, ర్యాంకు కార్డు చేతబట్టుకుని కౌన్సెలింగ్ కేంద్రం ముందు నిలబడ్డ కుర్రవాడో, అమ్మాయో మన కళ్లకు కడతారు. రిజర్వేషన్ కోసం న్యాయస్థానాల చుట్టూ తిరిగింది ఆ విద్యార్థి కోసమే. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ఏటా ధర్నాలు చేస్తున్నదీ ఆ విద్యార్థి కోసమే. ఆ పోరాటాల విలువను తగ్గించి చూపడం మా ఉద్దేశం కాదు. 2007 నాటి నాలుగు శాతం రిజర్వేషన్ చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. ఆ మార్చిలోనే సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది కొనసాగింది. పులివెందుల నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో వచ్చిన ఆ చట్టం మన ఇళ్లలో ఎందరిని ఇంజినీర్లుగా, వైద్యులుగా నిలబెట్టిందో కడప జిల్లా వాసులకు వేరే చెప్పనక్కరలేదు.

మేము అడగదలచింది మరొక ప్రశ్న. ఆ తలుపు తెరుచుకునే నాటికే దాన్ని దాటిపోయినవారి సంగతేమిటి? పదో తరగతితోనో, ఇంటర్‌తోనో, మధ్యలో ఆగిపోయిన డిగ్రీతోనో పనిలోకి దిగి, ఇప్పుడు ముప్పై ఏళ్ల వయసులో, ఇల్లూ పిల్లలూ ఉన్న దశలో, చేస్తున్న పని కాళ్ల కిందినుంచి జారిపోతుంటే మరో పని నేర్చుకోవాలనుకునే మనిషికి చదువుల వ్యవస్థలో చోటెక్కడ ఉంది? ఈ ప్రశ్నను గాలిలో చర్చించి ప్రయోజనం లేదు. అందుకే ఒకే వృత్తిని తీసుకుని, మన జిల్లాలోని మూడు ఊళ్లను ముందు పెట్టుకుని మాట్లాడదలచాము. ఆ వృత్తి కంప్యూటర్ మరమ్మతు. ఆ ఊళ్లు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.

ప్రొద్దుటూరు వ్యాపారాల ఊరు. బంగారం, బట్టలు, పత్తి, నూనె గింజలు పేరుకు తగ్గట్టు అక్కడ చేతులు మారుతుంటాయి. లక్షన్నరకు పైగా జనాభా ఉన్న ఆ పట్టణంలో ప్రతి అంగడికీ ఒక బిల్లింగ్ కంప్యూటరు, ఒక ప్రింటరు, నాలుగు సీసీ కెమెరాలు ఉన్నాయి. అవి చెడిపోయినప్పుడు పరుగెత్తుకొచ్చేది ఎవరు? ఎక్కువసార్లు మన కుర్రవాళ్లే. పదిహేనిరవై ఏళ్ల కిందట హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సు చేసి, చిన్న గదిలో స్క్రూడ్రైవరు, మల్టీమీటరు, సోల్డరింగ్ ఇనుము పెట్టుకుని కూర్చున్నవారు కొందరు. ఎవరి దగ్గరా కోర్సు చేయకుండా, ఉస్తాదు పక్కన కూర్చుని పని పట్టుకున్నవారు మరికొందరు. జమ్మలమడుగులోనూ, పులివెందులలోనూ ఇదే దృశ్యం కాస్త చిన్న పరిమాణంలో కనబడుతుంది. అక్కడ కళాశాల ప్రయోగశాలల్లో, ఆసుపత్రుల్లో, సహకార బ్యాంకుల్లో కంప్యూటర్లు చూసుకునే ఒప్పంద ఉద్యోగాలు కొన్ని అదనం.

ఇది యాదృచ్ఛికం కాదు. 2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ఈ విషయాన్ని లెక్కలతో సహా చెప్పింది. మిగతా వర్గాలకంటే ముస్లింలలో స్వయం ఉపాధిమీద బతికేవారు ఎక్కువ, నెలజీతపు ఉద్యోగాల్లో, అందునా ప్రభుత్వ, పెద్ద ప్రైవేటు సంస్థల్లో ఉన్నవారు తక్కువ. చేతిపని, చిన్న దుకాణం, మరమ్మతు బల్ల, ఇవే మనకు దక్కిన బతుకుతెరువులు. దూదేకుల కుటుంబాలను చూడండి. పత్తి ఏకి పరుపులు కుట్టిన చేతులు, యంత్రాలు, ఫోము పరుపులు వచ్చాక వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది. వృత్తి మార్చుకోవడం మన సమాజానికి కొత్త కాదు. అయితే మారిన ప్రతిసారీ మన ఖర్చుతో, మన కష్టంతో, ఎవరి సహాయమూ లేకుండానే మారాము. ఇప్పుడు మళ్లీ అలాంటి మలుపు వచ్చింది.

మరమ్మతు పని ఎందుకు తగ్గుతున్నదో ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికి బాగా తెలుసు. ఒకప్పుడు మానిటరు విప్పితే పని, ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పని, ర్యామ్ పెంచితే పని. ఈనాటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, విప్పి మార్చేందుకు వీలుండదు. సాఫ్ట్‌వేరు సమస్యను ఎక్కడో బెంగళూరులో కూర్చున్న మనిషి తెరమీదినుంచే సరిచేస్తున్నాడు. ఇంట్లో కంప్యూటరు కొనేవారే తగ్గారు, అందరి పనీ ఫోనులోనే అయిపోతోంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ తన మద్దతు ఆపేసినప్పుడు కొన్నాళ్లు గిరాకీ పెరిగి ఉండవచ్చు గాని, అది ఆరిపోయే ముందు దీపం పెద్దగా వెలిగినట్టే. నెట్ సెంటర్ల కథ ఇంకా కఠినం. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి 30న వాట్సాప్‌లో ‘మన మిత్ర’ 161 సేవలతో మొదలైంది. ప్రజలకు ఇది మేలే, కాదనము. కాని ఆ దరఖాస్తులు నింపి, ప్రింటు తీసి ఇచ్చి బతికిన కుటుంబాల లెక్క ఏ కార్యాలయంలోనూ లేదు.

ఇటువంటి మనిషికి దగ్గరలో ఉన్న మరో వృత్తి వెబ్ డెవలప్‌మెంట్, అంటే వెబ్‌సైట్లు, వెబ్ ఆధారంగా నడిచే కార్యక్రమాలు తయారుచేయడం. దగ్గరలో అని ఎందుకంటున్నామో కొంచెం వివరించాలి. బయటివారికి రెండూ ‘కంప్యూటరు పనులే’. లోపలివారికేమో ఒకటి స్క్రూడ్రైవరు పని, మరొకటి కోడు రాసే పని, మధ్యలో పెద్ద అగాధం ఉన్నట్టు తోస్తుంది. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు.

ఒక అంగడిలో ఇంటర్నెట్ రావడం లేదని పిలుపు వచ్చిందనుకుందాం. మన టెక్నీషియన్ ఏమి చేస్తాడు? ముందు తీగ చూస్తాడు. తరువాత రౌటరు ఐపీ చిరునామా ఇచ్చిందో లేదో చూస్తాడు. పింగ్ కొట్టి చూస్తాడు. అంకెల చిరునామాకు జవాబు వచ్చి, పేరుకు జవాబు రాకపోతే తప్పు డీఎన్‌ఎస్‌లో ఉందని పసిగడతాడు. ఒక్కొక్క కారణాన్నే తోసిపుచ్చుకుంటూ అసలు కారణం దగ్గరికి చేరడం అతని విద్య. వెబ్‌సైటు నిర్మాత రోజూ చేసేది సరిగ్గా ఇదే. పేజీ తెరుచుకోలేదంటే లోపం బ్రౌజరులో ఉందా, సర్వరులో ఉందా, డేటాబేస్‌లో ఉందా? 404 వచ్చిందంటే అడిగిన పేజీ అక్కడ లేదు. 500 వచ్చిందంటే సర్వరు లోపల ఏదో విరిగింది. నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదివి వచ్చిన పట్టభద్రులలో చాలామందికి ఈ వెతుకులాట ఉద్యోగంలో చేరాకగాని అలవడదు. మన టెక్నీషియన్‌కు అది చేతివాటంగా వచ్చేసింది. మరో సంగతి కూడా ఉంది. వాడుకరి కోపం అతనికి తెలుసు. ఏ బటన్ ఎక్కడ ఉంటే అంగడి గుమాస్తా తికమక పడతాడో, ఏ ఫారం ఎందుకు సగంలో వదిలేస్తారో కళ్లారా చూసినవాడు అతను. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరికే జ్ఞానం కాదు.

అతనికి లేనిదేమిటి? వరుస. హెచ్‌టీఎంఎల్‌తో పేజీకి అస్థిపంజరం కట్టడం, సీఎస్‌ఎస్‌తో దానికి రూపం ఇవ్వడం నెలా రెండు నెలల్లో పట్టుబడతాయి. జావాస్క్రిప్ట్ దగ్గర అసలు కొండ మొదలవుతుంది. అక్కడ ఆలోచనను మెట్లుమెట్లుగా విడగొట్టి యంత్రానికి చెప్పడం నేర్చుకోవాలి. ఆ తరువాత సర్వరు వైపు భాష ఒకటి, సమాచారాన్ని పట్టికల్లో దాచి తిరిగి రాబట్టే డేటాబేస్ ఒకటి, నలుగురు కలిసి రాసిన కోడును భద్రంగా కలిపి ఉంచే గిట్ ఒకటి. ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి, నిజమే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకునేలా లోకానికి వదిలిపెట్టిన నాటినుంచి ఈ విద్యకు ప్రాణం ఆ స్వేచ్ఛలోనే ఉంది. అయితే పాఠం ఉచితంగా దొరకడం వేరు, చదువు దొరకడం వేరు. పగలంతా అంగళ్లు తిరిగి, రాత్రి పదింటికి యూట్యూబ్ పాఠం పెట్టుకుని, మూడో రోజు అర్థం కాని చోట ఆగిపోతే, అడిగేందుకు మనిషి లేక మానుకున్నవారు ఒకరిద్దరు కారు. వారిని పట్టుదల లేనివారని నిందించడం మన పెద్దలకు అలవాటైపోయింది. గురువు లేక, తోటి విద్యార్థి లేక, పరీక్ష తేదీ లేక ఎంతమంది బీటెక్ విద్యార్థులు చదువు గట్టెక్కారో ముందు చెప్పండి.

ఇక మిగిలిన దారి అమీర్‌పేట. రాయలసీమ యువకుడికి ఆ పేరు పరిచయం చేయనక్కరలేదు. రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు. మైత్రీవనం చుట్టూ సందుల్లో శిక్షణ కేంద్రాల బోర్డులు, హాస్టళ్లు, టిఫిన్ బండ్లు. ఒక విధంగా చూస్తే ప్రభుత్వం నెలకొల్పవలసిన కమ్యూనిటీ కళాశాలను తెలుగువారు తమకు తామే అక్కడ కట్టుకున్నారు. పనికి అక్కరకొచ్చేదే చెప్పడం, తక్కువ కాలంలో ముగించడం, ఏ డిగ్రీ వారినైనా చేర్చుకోవడం దాని గుణాలు. కాని అది ఇరవై రెండేళ్ల ఒంటరి యువకుడికి సరిపడే ఏర్పాటు. నాలుగు నెలలు అంగడి మూసి, ఫీజూ హాస్టలు ఖర్చూ భరించి, ఇంటికి డబ్బు పంపకుండా ఉండగలిగిన ముప్పై ఏళ్ల గృహస్థు ఎందరు? భార్యాపిల్లల్ని వదిలి వెళ్లలేనివాడు ఏం చేయాలి? ఇక పెళ్లయిన స్త్రీ సంగతి అడగనే అక్కరలేదు.

కమ్యూనిటీ కళాశాల అన్న మాట వాడాము కనుక దాని పుట్టుపూర్వోత్తరాలు రెండు మాటల్లో చెప్పాలి. అమెరికాలో 1901లో జోలియట్‌లో మొదలైన రెండేళ్ల కళాశాల దీనికి ఆద్యం. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు చదువుకోవడానికి 1944లో చేసిన చట్టం, ఆ తరువాత ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘం 1947లో చేసిన సిఫారసులు ఈ కళాశాలలను ఊరూరికీ తీసుకుపోయాయి. వాటి సూత్రం సులువైనది. ఊళ్లో ఉన్న ఎవరైనా చేరవచ్చు, ఫీజు తక్కువ, తరగతులు సాయంత్రం కూడా ఉంటాయి, ఒక్కొక్క సబ్జెక్టుగా చదువుకోవచ్చు. మన తెలుగు కుటుంబాల్లో అమెరికా వెళ్లినవారిని అడిగి చూడండి. భర్త ఉద్యోగంమీద వెళ్లి, సొంతంగా పనిచేసే అనుమతి లేక ఏళ్ల తరబడి ఇంట్లో ఉండిపోయిన గృహిణులు, 2015లో ఆ అనుమతి నిబంధనలు కొంత సడలించాక, ఇలాంటి కళాశాలల్లో చేరి కొత్త వృత్తి పట్టుకున్న ఉదంతాలు వింటారు. సముద్రాలు దాటి వెళ్లిన తెలుగింటి ఆడపడుచుకు పరాయి దేశం ఇచ్చిన అవకాశాన్ని ప్రొద్దుటూరులో ఉన్న చెల్లెలికి సొంత దేశం ఇవ్వలేకపోవడం ఎంత విచిత్రం!

మన దేశానికి ఈ ఆలోచన తెలియదా అంటే, బాగా తెలుసు. 1995లో పుదుచ్చేరిలోనూ, 1996లో మద్రాసులోనూ ఇలాంటి కళాశాలలు మొదలయ్యాయి. 2009లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పథకాన్ని తెచ్చింది. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం మరో పథకం తెచ్చి, ఉన్న కళాశాలల్లోనే కమ్యూనిటీ కళాశాలలు నడపవచ్చంది. సర్టిఫికెట్, డిప్లమా, అడ్వాన్స్‌డ్ డిప్లమా అంటూ మెట్లు పెట్టింది. ఒక మెట్టు దగ్గర ఆగి పనిలోకి వెళ్లి, వీలైనప్పుడు తిరిగివచ్చి పై మెట్టు ఎక్కవచ్చు. స్థానిక పరిశ్రమతో, వ్యాపారంతో కలిసి పాఠ్యక్రమం తయారుచేయాలి. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం మరో గొప్ప మాట చెప్పింది: పనిలో నేర్చుకున్న విద్యను కూడా పరీక్షించి, గుర్తించి, చదువులో భాగంగా లెక్కకట్టాలి. మన టెక్నీషియన్‌కు ఈ ఒక్క వాక్యం చాలు. నెట్‌వర్కింగ్, హార్డ్‌వేర్ అతనికి మళ్లీ మొదటినుంచి చెప్పనక్కరలేదు, పరీక్ష పెట్టి మినహాయించవచ్చు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం కోర్సులో నలభై శాతం వరకు పాఠాలను స్వయం వేదికనుంచి తీసుకునే వీలు విశ్వవిద్యాలయాలకు ఉంది. ‘అధ్యాపకులు లేరు’ అన్న జవాబుకు ఇది సగం మందు.

కాగితంమీద ఇన్ని ఉండగా మన మూడు ఊళ్లలో ఏముంది? ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల ఉంది. పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఆ దగ్గరలోనే ఇడుపులపాయలో 2008లో వచ్చిన రాజీవ్ గాంధీ విశ్వవిద్యాలయం ఉంది. జమ్మలమడుగులో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. ఈ సంస్థలన్నీ ప్రజల డబ్బుతో కట్టినవే. ఇడుపులపాయ ఆలోచన చాలా గొప్పది. పదో తరగతి ముగించిన పల్లెటూరి పిల్లల్ని నేరుగా చేర్చుకుని ఆరేళ్లు చదివిస్తుంది. కాని అదీ పదహారేళ్ల పిల్లల కోసమే. కళాశాల విడిచిన తరువాత సాయంత్రం పూట ఏ ఊళ్లోనైనా కంప్యూటరు ప్రయోగశాల ముందు నిలబడితే తలుపుకు తాళం కనబడుతుంది. లోపల యంత్రాలున్నాయి, తీగలున్నాయి, ఇంటర్నెట్ ఉంది. అదే ఊళ్లో, అరకిలోమీటరు దూరంలో, ఆ యంత్రాలు చెడిపోతే బాగుచేయడానికి పిలిపించుకునే మనిషి ఉన్నాడు. మరమ్మతుకైతే అతను లోపలికి రావచ్చు. చదువుకోవడానికి మాత్రం రాకూడదు.

ఇక్కడే ఇది ఉపాధి ప్రశ్న స్థాయిని దాటి హక్కు ప్రశ్న అవుతున్నది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకాన్ని తీసుకోండి. ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారింది గాని, దాని మూసలో రోజూ కళాశాలకు హాజరయ్యే పూర్తికాలపు విద్యార్థే ఉన్నాడు. ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ, ఆ పైచదువులకు వర్తిస్తుంది. దూరవిద్యకు వర్తించదు. పని చేసుకుంటూ సాయంత్రం చదివే ఏడాది కోర్సు దాని ఊహలోనే లేదు. కేంద్రం వైపు చూస్తే, మైనారిటీల నైపుణ్య శిక్షణకు 2013లో ‘సీఖో ఔర్ కమావో’, 2015లో ‘నయీ మంజిల్’, ‘ఉస్తాద్’ వచ్చాయి. తరువాత వాటిని ‘పీఎం వికాస్’ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు. వీటి ఉద్దేశాన్ని శంకించము. అయితే అవి ఎక్కువగా చదువు మానేసిన యువతకు మొదటి పని చూపించే పథకాలు. పదేళ్లు పనిచేసినవాణ్ని మరో మెట్టు పైకి ఎక్కించేవి కావు. మరోవైపు ఉన్నవే ఒక్కొక్కటిగా పోతున్నాయి. 2022లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను ఆపేశారు. ఆ ఏడాదినుంచే ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని తొమ్మిది, పది తరగతులకు కుదించారు. 2024లో మౌలానా ఆజాద్ విద్యా సంస్థను మూసివేయాలని ఉత్తర్వు ఇచ్చారు. ఒకటో తరగతి పిల్లవాడి ఉపకార వేతనమే పోయిన కాలంలో ముప్పై ఏళ్లవాడి చదువు గురించి అడుగుతున్నారా అని మిత్రులు మమ్మల్ని ఎగతాళి చేయవచ్చు. అడుగుతున్నాము. తండ్రి సంపాదన ఆగితే ముందుగా చదువు ఆగేది ఆ ఒకటో తరగతి పిల్లవాడికే.

ప్రభుత్వాన్ని నిలదీసిన నోటితోనే మన సంస్థలను కూడా అడగాలి. రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకు నచ్చిన విద్యా సంస్థలను స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కుతో రాష్ట్రమంతటా మైనారిటీ ఇంజినీరింగ్ కళాశాలలు, బీఈడీ కళాశాలలు వెలిశాయి. వాటిలో ఎన్నింటికి సాయంత్రపు తరగతి ఉంది? కన్వీనరు కోటా సీటుకు రీయింబర్స్‌మెంటు వస్తుంది కనుక ఆ సీటుమీద ఉన్న ప్రేమ, ఏమీ రాని సాయంత్రపు విద్యార్థిమీద ఉండదు. మస్జిద్ కమిటీలను, జకాత్ పంపిణీ చేసే పెద్దలను కూడా ఒక మాట అడుగుతాము. రంజాన్ నెలలో బియ్యం, చీరలు పంచడం పుణ్యకార్యమే. ఒక మనిషి ఏడాది కోర్సు ఫీజు కట్టి, రానున్న ఏళ్లలో అతనే జకాత్ ఇచ్చే స్థితికి చేరేలా చూడటం అంతకంటే తక్కువ పుణ్యమా? అర్హత ఎవరికి, ఏ మేరకు అన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం. ఆ ప్రశ్నను వారి ముందుకు తీసుకెళ్లవలసింది మాత్రం మనమే.

స్త్రీల గురించి వేరుగా ఒక మాట చెప్పాలి. మరమ్మతు బల్ల దగ్గర మన ఆడపిల్లలు కనబడరు. డీటీపీ అంగళ్లలో, నెట్ సెంటర్లలో, పాఠశాల కంప్యూటరు గదుల్లో మాత్రం కనబడతారు. పెళ్లి పత్రికలు, ప్రశ్నపత్రాలు, కరపత్రాలు టైపు చేసిన ఆ చేతులకు అను ఫాంట్లలో తెలుగు, ఇన్‌పేజ్‌లో ఉర్దూ రెండూ వచ్చు. ఈ రెండు లిపుల ఎరుక వెబ్‌లో అరుదైన ఆస్తి. అనులో కొట్టిన తెలుగును వెబ్‌సైటులో ఉన్నదున్నట్టు పెడితే చదవరాని గుర్తులు వస్తాయి, దాన్ని యూనికోడ్‌లోకి మార్చి సరిచూడాలి. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది. పేజీ మొత్తాన్ని అటు తిప్పాలి, నస్తాలీఖ్ లిపి పంక్తుల మధ్య ఎడం పెంచాలి, మధ్యలో అంకెలూ ఇంగ్లీషు పేర్లూ వస్తే వాటి దిశ కాపాడాలి. 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చట్టం చేసింది. చట్టమైతే వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉర్దూ ఎక్కడుందో వెతకాలి. ఆ పని చేయగల మనుషులు మన ఇళ్లలోనే ఉన్నారు. ఇల్లు కదలకుండా చేసే వీలున్న పని అది. ఇటువంటివారికి సాయంత్రపు తరగతి కుదరదు, పిల్లలు బడికి వెళ్లిన వేళ, ఉదయం పది నుంచి పన్నెండు దాకా పెట్టాలి. పాఠం చెప్పేవారు తెలుగులోనో, ఇంట్లో మాట్లాడుకునే దక్కనీ ఉర్దూలోనో విడమరచి చెప్పాలి. కోడులో తరచూ వచ్చే ఇంగ్లీషు మాటలు కొద్దిపాటివే. వాటికోసం ఎవరూ ఇంగ్లీషు మీడియంలో మళ్లీ పుట్టనక్కరలేదు.

మా మిత్రులలో సాఫ్ట్‌వేరు ఉద్యోగులు కొందరు ఈ ఆలోచన వినగానే చల్లటి నీళ్లు పోస్తారు. కృత్రిమ మేధ కోడు రాసేస్తోంది, కొత్తవారికి ఉద్యోగాలు తగ్గాయి, ఇప్పుడా వెబ్ డెవలప్‌మెంట్ అంటారు. అందులో నిజం లేకపోలేదు. మామూలు వెబ్‌సైటు తయారుచేయడం తేలికైంది. ఎవరికీ లక్షల జీతం ఆశ చూపకూడదు, అలా చూపి డబ్బు గుంజే శిక్షణ కేంద్రాలు చాలానే ఉన్నాయి. కాని మేము మాట్లాడుతున్నది బెంగళూరు ఉద్యోగాల గురించి మాత్రమే కాదు. గండికోట చూడటానికి వచ్చేవారికి జమ్మలమడుగు బస గదులు తమ వెబ్‌సైటులోనే బుకింగ్ తీసుకోవాలి. ప్రొద్దుటూరు బంగారు అంగడికి తన సరుకు జాబితా, ఆనాటి ధర కనబడే పేజీ కావాలి. పులివెందుల చీనీ, అరటి రైతుల సంఘానికి కొనుగోలుదారుల లెక్కలు ఒకచోట ఉండే వ్యవస్థ కావాలి. ఇలాంటి చిన్న పని యంత్రం రాసిచ్చినా, అంగడి యజమాని ఏమి అడుగుతున్నాడో అర్థం చేసుకుని, పెట్టి, నడిపి, రాత్రి ఆగిపోతే బాగుచేసే మనిషి కావాలి. ఆ నమ్మకాన్ని మన టెక్నీషియన్ ఇప్పటికే సంపాదించుకున్నాడు. యంత్రం రాసిన కోడులో తప్పు పట్టాలన్నా కోడు తెలిసి ఉండాలి.

లెక్క వేసి చూడండి. రోజుకు రెండు గంటలు, వారానికి ఐదు రోజులు, ఏడాదికి నలభై వారాలు అంటే నాలుగు వందల గంటలు. మొదటి మూడు నెలలు పేజీ నిర్మాణం, తరువాతి మూడున్నర నెలలు జావాస్క్రిప్ట్, ఆపై సర్వరు, డేటాబేస్, చివర ఊళ్లోని ఒక నిజమైన అంగడికో సంఘానికో పూర్తి వెబ్‌సైటు కట్టి అప్పగించడం. పరీక్ష అదే. ఇరవై అయిదు మంది తరగతికి కొత్త భవనం అక్కరలేదు, ఉన్న ప్రయోగశాల తాళం తీస్తే చాలు. తరగతి వేళను మగ్రిబ్, ఇషా నమాజులకు అడ్డురాకుండా సర్దుకోవచ్చు. రంజాన్‌లో ఆదివారాలకు మార్చుకోవచ్చు. ఇది ముస్లింలకే పరిమితం కావాలని మేము అనడం లేదు. ప్రొద్దుటూరు చేనేత ఇంటి కుర్రవాడు, జమ్మలమడుగు దళితవాడ అమ్మాయి అదే బల్లమీద కూర్చుంటే మంచిదే. వచ్చిన చోట మన వాటా మనకు దక్కాలన్నదే కోరిక.

ఆ వాటా అడగడానికి వేదిక ఉంది. 2006 జూన్‌లో వచ్చిన ప్రధానమంత్రి కొత్త పదిహేను అంశాల కార్యక్రమంలో సాంకేతిక శిక్షణ ద్వారా నైపుణ్యం పెంచడం ఒక అంశం. వీలైన పథకాల్లో లక్ష్యాలనూ నిధులనూ పదిహేను శాతం మైనారిటీలకు కేటాయించాలని అందులో ఉంది. దాని అమలు చూడటానికి జిల్లా స్థాయి కమిటీ ఉండాలి. మన సంఘాలు ఆ సమావేశాలకు వెళ్లినప్పుడు శ్మశానవాటిక ప్రహరీ, షాదీఖానా మరమ్మతు అడిగి వస్తున్నాయి. అవీ కావలసినవే. ఈసారి వెళ్లేటప్పుడు ఇంకొక కాగితం పట్టుకెళ్లాలని కోరుతున్నాము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఒక్కొక్క ప్రభుత్వ కళాశాల ప్రయోగశాలను సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు తెరవాలని, పని అనుభవాన్ని లెక్కకట్టే ఏడాది వెబ్ డెవలప్‌మెంట్ కోర్సును యోగి వేమన విశ్వవిద్యాలయం గుర్తింపుతో నడపాలని, వయసు పరిమితి లేకుండా మైనారిటీ విద్యార్థుల ఫీజును ప్రభుత్వమే చెల్లించాలని ఆ కాగితంలో రాయాలి. దానికింద పెట్టవలసిన మొదటి సంతకాలు నాయకులవి కావు. ఈ వారమే మూడు ఊళ్లలో కంప్యూటరు మరమ్మతు అంగళ్లు, నెట్ సెంటర్లు, డీటీపీ గదులు తిరిగి, చేరగోరేవారి పేరు, చదువు, పని అనుభవం, ఏ వేళ వీలవుతుందో రాసుకు రావాలి. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు రావడానికి ఎందరు సిద్ధమో, సొంత ఊళ్లోనే కావాలనేవారు ఎందరో విడిగా గుర్తించాలి. స్త్రీల జాబితా వేరుగా ఉండాలి.